పుట్టకముందే పటాలంలో పేరు ఎలా రాశారు? సెమ్యోనోవ్‌స్కీ రెజిమెంట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా తాతయ్య బీరువాలో పాత రష్యన్ పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో పుష్కిన్ నవల 'కెప్టెన్ కూతురు' చదవడం మొదలుపెట్టాను. మొదట్లోనే ఒకచోట ఆగిపోయాను. కథ చెప్పే కుర్రాడు గ్రిన్యోవ్ తను అమ్మ కడుపులో ఉండగానే సెమ్యోనోవ్‌స్కీ రెజిమెంట్‌లో సార్జెంటుగా పేరు రాయించారని అంటాడు. ఆడపిల్ల పుట్టి ఉంటే, డ్యూటీకి రాని ఆ సార్జెంటు చనిపోయాడని కబురు పంపేవాళ్లట. ఇది రచయిత కల్పించిందా, నిజంగా జరిగేదా? అసలు ఆ రెజిమెంట్ ఉండేదా? ఇక్కడ మాస్టారు లాంటి పెద్దలు ఉన్నారని అడుగుతున్నాను.

పాతపేజీలు | శనివారం, రాత్రి 10:05

మంచి ప్రశ్న వేశావు బాబూ. రెజిమెంట్ నిజం, ఆ పద్ధతి కూడా నిజమే.

రష్యా చక్రవర్తి మొదటి పీటర్ చిన్నతనంలో మాస్కో పక్కన ప్రెయొబ్రజెన్‌స్కొయె అనే ఊళ్లో పెరిగాడు. తోటి పిల్లల్ని, గుర్రాలశాల పనివాళ్లను పోగేసి యుద్ధం ఆట ఆడేవాడు. ఆ గుంపును 'ఆటల సైన్యం' అనేవారు. గుంపు పెరిగి ఒక్క ఊళ్లో చోటు చాలక, కొంతమందిని పక్కనున్న సెమ్యోనోవ్‌స్కొయె ఊరికి పంపారు. అలా ఊరి పేర్లతోనే రెండు పటాలాలు పుట్టాయి. రెజిమెంట్ తన పుట్టుక 1683 నుంచి లెక్కేసుకునేది. 1700 నాటికి ఈ రెండూ రష్యా మొట్టమొదటి గార్డ్స్ రెజిమెంట్లు, అంటే చక్రవర్తి సొంత పటాలాలు అయ్యాయి.

ఇక నీ ప్రశ్న. 1714లో పీటర్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. జమీందారు బిడ్డ అయినా సరే, గార్డ్స్‌లో మామూలు సిపాయిగా పనిచేయకుండా అధికారి కాకూడదు. ఉద్దేశం గొప్పదే. ఆయన పోయాక కులీనులు దానికి దారి వెతికారు. సర్వీసు లెక్క పేరు రాసిన రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, పుట్టగానే పేరు రాయించేసి, 'చదువు కోసం సెలవు' అని ఇంట్లో ఉంచుకునేవారు. పిల్లాడు గాలిపటాలు ఎగరేసుకుంటుంటే అక్కడ కాగితం మీద కార్పొరల్, సార్జెంట్ అయిపోయేవాడు. పుష్కిన్ కల్పించలేదు, తన ముందు తరంలో జరిగిందే రాశాడు. 1796లో గద్దెనెక్కిన పాల్, అందరూ వచ్చి హాజరు కావాల్సిందేనని పట్టుబట్టి ఈ పద్ధతికి చెక్ పెట్టాడు.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ కూడా ఇదే రెజిమెంట్‌లో ఉంది. సువోరోవ్ పేరు వినే ఉంటావు, రష్యా సేనాపతుల్లో అంతటివాడు లేడంటారు. బక్కపలచని పిల్లాడు, సైన్యానికి పనికిరాడని తండ్రి చిన్నప్పుడు పేరే రాయించలేదు. చివరికి 1742లో సెమ్యోనోవ్‌స్కీలో రాయించారు. 1748లో వచ్చి చేరి, 1754 దాకా కింది ర్యాంకుల్లోనే కాపలా కాశాడు, తుపాకీ తుడిచాడు. సిపాయి బతుకు ఆయనకు తెలిసింది ఆ ఆరేళ్లలోనే.

వరంగల్_వేణువు | శనివారం, రాత్రి 10:40

మాస్టారూ, ఈ రెజిమెంట్‌వాళ్లు ఎర్ర మేజోళ్లు వేసుకునేవారనీ, మోకాళ్ల దాకా రక్తంలో నిలబడి పోరాడినందుకు పీటర్ ఆ గౌరవం ఇచ్చాడనీ ఒక వీడియోలో విన్నాను. నిజమేనా?

పాతపేజీలు | శనివారం, రాత్రి 11:15

ఆ కథ నార్వా యుద్ధానిది, పాత కేలండర్ ప్రకారం 1700 నవంబర్ 19. రష్యా సైన్యం స్వీడన్ సైన్యానికి మూడు నాలుగు రెట్లు ఉంది. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్‌కు అప్పుడు 18 ఏళ్లు. మంచు తుపాను రష్యన్ల మొహాన కొడుతుండగా మీదపడ్డాడు. రష్యా లైను చెదిరిపోయింది. వంతెన మీద తొక్కిసలాట. విదేశీ సేనాపతులు లొంగిపోయారు. ఆ గందరగోళంలో ప్రెయొబ్రజెన్‌స్కీ, సెమ్యోనోవ్‌స్కీ రెండే బండ్లు అడ్డం పెట్టుకుని చీకటి పడేదాకా కదలకుండా నిలబడ్డాయి. ఓడిపోయినా ఆయుధాలు, జెండాలతో వెనక్కి వెళ్లనిస్తామనే ఒప్పందం వాళ్లకు దొరికింది.

మేజోళ్ల సంగతి రెజిమెంట్‌లో చెప్పుకుంటూ వచ్చిన కథ. దాన్ని చరిత్రగా నేను ఒప్పుకోను. నిక్కచ్చిగా చెప్పగలిగింది వేరే ఉంది. ఈ రెండు రెజిమెంట్ల అధికారులు మెడ కింద నెలవంక ఆకారంలో ఒక లోహపు బిళ్ల వేసుకునేవారు. దాని మీద 1700, నవంబర్ 19 అని చెక్కి ఉండేది. గెలిచిన రోజు కాదు అది, ఓడిన రోజు. ఓడిన తేదీని గుండెల మీద మోసిన పటాలం ఇంకోటి నా చదువులో తగల్లేదు.

రిటైర్డ్_హవల్దార్ | ఆదివారం, ఉదయం 6:30

మాది పశ్చిమ గోదావరి. పదిహేడేళ్లు ఇన్‌ఫెంట్రీలో చేసి వచ్చాను. చదువుకున్నది తక్కువ, కానీ ఈ బిళ్ల సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మాకు 'నామ్, నమక్, నిషాన్' అని నేర్పేవారు. పేరు, తిన్న ఉప్పు, జెండా. ఓడినా జెండా చేతిలో పెట్టుకుని వెనక్కి రావడం చాలా కష్టమైన పని సార్. ముందుకు ఉరకడం కన్నా వరుస చెదరకుండా వెనక్కి రావడమే కష్టం. మాస్టారు ఇంకా చెప్పండి.

పాతపేజీలు | ఆదివారం, ఉదయం 9:20

హవల్దార్ గారూ, మీరు చదువుతున్నారంటే జాగ్రత్తగా రాయాలి.

నార్వా తర్వాత రెండేళ్లకు, 1702 అక్టోబర్‌లో, నోతెబర్గ్. లదోగా సరస్సు నుంచి నెవా నది బయటపడేచోట చిన్న దీవి, దీవినిండా కోట. పడవల మీద వెళ్లి గోడ ఎక్కాలి. తీరా చూస్తే నిచ్చెనలు పొట్టివి, గోడ అంచుకు అందలేదు. గోడకూ నీళ్లకూ మధ్య నిలబడటానికి కాస్తంత నేల, పైనుంచి గుళ్లు, రాళ్లు. సెమ్యోనోవ్‌స్కీ లెఫ్టినెంట్ కల్నల్ మిఖాయిల్ గోలీత్సిన్ ఖాళీ పడవల్ని నదిలోకి తోసేయమన్నాడు, వెనక్కి వెళ్లే ఆలోచన ఎవరికీ రాకుండా. వెనక్కి రమ్మని పీటర్ కబురు పంపితే, ఇప్పుడు నేను రాజు మనిషిని కాదు, దేవుడి మనిషిని అని జవాబు పంపాడని చెప్పుకుంటారు. ఆ మాట సంగతేమో గానీ 13 గంటల దాడి తర్వాత కోట పడిన మాట నిజం. పీటర్ దానికి ష్లిస్సెల్‌బర్గ్, అంటే తాళంచెవి ఊరు, అని పేరు పెట్టాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత 1709లో పొల్తావాతో సహా పీటర్ చేసిన పెద్ద యుద్ధాల్లో వీళ్లున్నారు. రాజధాని పీటర్స్‌బర్గ్‌కు మారాక వీళ్లూ అక్కడికే వెళ్లారు. గార్డ్స్ ఎటు మొగ్గితే గద్దె అటు అన్నట్టు ఉండేది ఆ శతాబ్దం. 1762లో రాణి కేథరిన్ తన భర్త మూడో పీటర్ చక్రవర్తిని దించడానికి గుర్రమెక్కినప్పుడు ఆమె ఒంటి మీద ఉన్నది సెమ్యోనోవ్‌స్కీ అధికారి దగ్గర అరువు తీసుకున్న యూనిఫాం. 1801 మార్చి 11 రాత్రి పాల్ చక్రవర్తిని సొంత కోటలో చంపినప్పుడు అక్కడ కాపలా సెమ్యోనోవ్‌స్కీదే. ఆ రెజిమెంట్ గౌరవ అధిపతి ఆయన కొడుకు అలెగ్జాండర్. తెల్లారేసరికి చక్రవర్తి ఆయనే.

నెవా_డాక్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:45

ఈ పేరు ఇక్కడ చూసి భలే సంతోషమేసింది! నేను పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ చదివాను. మా స్నేహితురాలు రూజొవ్‌స్కయ వీధిలో అద్దెకుండేది. అది పాత సెమ్యోనోవ్‌స్కీ బ్యారక్స్ ఉన్న పేట. వీటెబ్‌స్క్ రైల్వేస్టేషన్ వెనక వరసగా ఆరు వీధులు దువ్వెన పళ్లలా ఉంటాయి: రూజొవ్‌స్కయ, మొజైస్కయ, వెరేయ్‌స్కయ, పొదోల్‌స్కయ, సెర్పుఖొవ్‌స్కయ, బ్రొన్నిత్స్‌కయ. అన్నీ మాస్కో చుట్టుపక్కల ఊళ్ల పేర్లు. వరస గుర్తుండటానికి అక్కడివాళ్లు ఒక వాక్యం చెబుతారు, ప్రతి మాట మొదటి అక్షరం ఒక వీధి. తెలుగులో దాని అర్థం 'బాలెరీనా ఉత్త మాటలు నమ్మొచ్చా?' అని. మా ఇంటి ఓనరమ్మ నాతో అది పదిసార్లు చెప్పించింది. మొదటి చలికాలం ఆ వాక్యం పట్టుకునే మంచులో దారి వెతుక్కునేదాన్ని.

ఒకప్పుడు ఈ వీధులు కంపెనీకొకటిగా ఉండేవట. రెజిమెంట్ చర్చి స్టేషన్‌కి ఎదురుగా ఉండేది, 1933లో కూల్చేశారు. ఇప్పుడు అక్కడ చెట్లున్నాయి.

వరంగల్_వేణువు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

డాక్టర్ గారూ, దొస్తొయెవ్‌స్కీని కాల్చి చంపడానికి తీసుకొచ్చింది సెమ్యోనోవ్‌స్కీ మైదానానికే కదా? అది ఈ పేటేనా?

నెవా_డాక్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:55

అవును, ఆ రెజిమెంట్ పరేడ్ గ్రౌండే. 1849 డిసెంబర్ 22 ఉదయం. ఖైదీలకు తెల్ల ముసుగు చొక్కాలు తొడిగి, మొదటి ముగ్గుర్ని గుంజలకు కట్టారు. దొస్తొయెవ్‌స్కీ తర్వాతి ముగ్గురిలో ఉన్నాడు. తుపాకులు ఎక్కుపెట్టాక శిక్ష తగ్గించినట్టు కాగితం చదివారు. ముందే రాసిపెట్టుకున్న నాటకం అది. గుంజకు కట్టినవాళ్లలో గ్రిగోర్యెవ్‌కు మతి చలించింది. 1881 ఏప్రిల్‌లో రెండో అలెగ్జాండర్‌ను చంపినవాళ్లను ఉరి తీసింది కూడా అక్కడే, సోఫియా పెరోవ్‌స్కయతో సహా. ఇప్పుడు ఆ చోట పిల్లల థియేటర్ ఉంది. ముందు ఫౌంటెన్, స్కేటింగ్ చేసే పిల్లలు. నేను అక్కడ ఐస్‌క్రీం తింటూ ఫోన్‌లో ఈ సంగతి చదివి, సగం తిన్నది పక్కన పెట్టేశాను.

కృష్ణాతీరం | ఆదివారం, సాయంత్రం 6:20

నేను అడిగింది ఒక్క వాక్యం గురించి, ఎక్కడికో వెళ్తోంది, చాలా థాంక్స్. చక్రవర్తికి అంత దగ్గరి రెజిమెంట్ ఒకప్పుడు తిరుగుబాటు చేసిందని ఎక్కడో చూశాను. అది ఎందుకు జరిగింది మాస్టారూ?

పాతపేజీలు | ఆదివారం, రాత్రి 8:50

నేను చెప్పాలనుకున్నది అదే. దాన్ని తిరుగుబాటు అనడానికి నాకు నోరు రాదు.

ముందు వాళ్లెవరో చూడండి. 1812లో నెపోలియన్‌తో జరిగిన బొరొదినో, 1813 ఆగస్టులో కుల్మ్ యుద్ధం చూసినవాళ్లు. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న కుల్మ్ దగ్గర ఒక్క గార్డ్స్ డివిజన్, మరికొన్ని దళాలు కలిసి తమకు రెట్టింపు ఉన్న ఫ్రెంచి సైన్యాన్ని రోజంతా ఆపాయి. సేనాపతి ఓస్తెర్‌మన్-తొల్‌స్తొయ్ చెయ్యి పోయింది. ఆ పోరాటానికి సెమ్యోనోవ్‌స్కీకి శౌర్యానికి ఇచ్చే సెయింట్ జార్జ్ జెండా వచ్చింది. 1814లో పారిస్‌లో కవాతు చేశారు. తిరిగొచ్చాక రెజిమెంట్ కమాండర్ యాకొవ్ పాత్యోమ్కిన్ మనిషిని మనిషిగా చూసేవాడు. అధికారులు సిపాయిల్ని కొట్టడం దాదాపు మానేశారు. ఖాళీ రోజుల్లో సిపాయిలు చెప్పులు కుట్టి, ఊళ్లో పనులు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. కుర్ర అధికారులు ఒకచోట కలిసి భోంచేసి, చదరంగం ఆడి, విదేశీ పత్రికలు చదువుకునేవారు. అలాంటి కూటాలు నచ్చలేదని చక్రవర్తే దాన్ని మాన్పించాడు.

1820 వసంతంలో పాత్యోమ్కిన్‌ను తీసేసి, చక్రవర్తికి కుడిభుజంగా ఉన్న కఠినుడు అరక్చేయెవ్ వర్గం మనిషి కల్నల్ ష్వార్త్స్‌ను పెట్టారు. ఇతను రోజూ కంపెనీకి పదిమంది చొప్పున తన ఇంటికి పిలిపించుకుని డ్రిల్ చేయించేవాడు. బూట్లు విప్పించి, తను నేల మీద పడుకుని పాదాలు ఎలా పడుతున్నాయో చూసేవాడు. సిపాయిలకు ఖాళీ రోజు లేదు, సంపాదన లేదు, పైగా బెల్టులకీ గుండీలకీ సొంత డబ్బు పెట్టాలి. మే 1 నుంచి అక్టోబర్ 3 దాకా శిక్షల లెక్క ఉంది: 44 మందికి 14,250 దెబ్బలు. ధైర్యసాహసాలకు ఇచ్చే జార్జ్ సిలువ పతకం ఉన్నవాళ్లను కొట్టకూడదని చట్టం. ఇతను వాళ్లనూ వదల్లేదు.

అక్టోబర్ 16న పరేడ్‌లో ఒక సిపాయి గుండీ పెట్టుకోకుండా వరుసలో నిలబడ్డాడు. ష్వార్త్స్ అతని మీద ఉమ్మి, ముందు వరుసవాళ్లను కూడా ఉమ్మమన్నాడు.

ఆ సాయంత్రం హాజరు అయ్యాక మొదటి కంపెనీ పడుకోలేదు. దాన్ని 'రాజు కంపెనీ' అనేవారు. కారిడార్‌లోకి వచ్చి వరుసగా నిలబడి, కెప్టెన్‌ను పిలవమన్నారు. కెప్టెన్ కష్కరోవ్ వచ్చాడు. కల్నల్ కింద పనిచేయలేం, ఆయన్ను మార్చండి అని అడిగారు. తుపాకీ లేదు, తిట్టు లేదు. మర్నాడు వాళ్లను హాజరు కోసమన్నట్టు తీసుకెళ్లి, చుట్టుముట్టి, పీటర్ పాల్ కోటలో పెట్టారు.

ఆ రాత్రి మిగతా కంపెనీలకు సంగతి తెలిసింది. అందరూ బ్యారక్స్ నుంచి మైదానంలోకి వచ్చేశారు, ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. రాజధాని గవర్నర్ జనరల్ మిలొరదోవిచ్ వచ్చి బతిమాలాడు. యుద్ధాల్లో సిపాయిలు ప్రాణంగా చూసుకున్న మనిషి ఆయన. వాళ్ల జవాబు ఒక్కటే: రాజు కంపెనీ కోటలో ఉంది, వరుస ఎవర్ని చూసి కట్టాలి? వాళ్లను విడిచిపెట్టండి, లేదా మమ్మల్నీ అక్కడికే పంపండి. పొద్దున గార్డ్స్ కోర్ అధిపతి వసీల్చికోవ్, అయితే మీరూ కోటకే పొండి అన్నాడు. రెజిమెంట్ రెజిమెంటంతా, కాపలా అక్కర్లేకుండా, తనంతట తాను నడిచి జైలుకెళ్లింది.

రిటైర్డ్_హవల్దార్ | సోమవారం, ఉదయం 5:50

మాస్టారూ, 'వరుస ఎవర్ని చూసి కట్టాలి' అన్నమాట మీకు ఎంత అర్థమైందో తెలీదు, నేను చెబుతాను. పరేడ్‌లో 'దాహినే సజ్' అని కమాండ్ ఉంటుంది. ప్రతివాడూ తల కుడివైపు తిప్పి, పక్కవాడి భుజం చూసి తన అడుగు సరిచేసుకోవాలి. కుడి చివర ఉన్నవాడు మాత్రం కదలడు, వాడే కొలత. వాడు లేకపోతే వెయ్యిమంది ఉన్నా వరుస రాదు. ఊరికే మాట కోసం అన్నది కాదది. సిపాయికి వచ్చిన భాష అది ఒక్కటే, దాంట్లోనే తమ బాధ చెప్పుకున్నారు.

నా సర్వీసులో ఒకసారి ఒక అధికారి మా సెక్షన్‌లో ఒక కుర్రాడిని, కిట్‌లో తేమ ఉందని అందరి ముందు చాలా నీచమైన మాట అన్నాడు. పదకొండు రోజులు పెట్రోలింగ్ చేసి వచ్చాం అప్పుడు. దెబ్బలైతే మర్చిపోతాం. ఆ కుర్రాడు ఆ పూట అన్నం ముట్టలేదు. మేమూ ముట్టలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పళ్లేలు అలాగే కడిగి పెట్టేశాం. మా సుబేదార్ సాబ్ వచ్చి అందరి మధ్యా కూర్చుని ఆ కుర్రాడి పళ్లెంలో తను అన్నం వడ్డించాడు. అక్కడితో సర్దుకుంది. ఆ రెజిమెంట్‌కి ఆ రాత్రి అలాంటి పెద్దమనిషి ఒక్కడు కరువయ్యాడు.

నెవా_డాక్టర్ | సోమవారం, ఉదయం 8:15

హవల్దార్ గారూ, ఆ పళ్లేల సంగతి చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కృష్ణాతీరం | సోమవారం, ఉదయం 9:00

వాళ్లనేం చేశారు మాస్టారూ?

పాతపేజీలు | సోమవారం, రాత్రి 9:30

చక్రవర్తి అలెగ్జాండర్ అప్పుడు త్రొప్పావులో ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్‌తో సమావేశంలో ఉన్నాడు. అక్కడ చర్చే విప్లవాలను ఎలా అణచాలని. కబురు మోసుకెళ్లింది చదాయెవ్, తర్వాత తత్త్వవేత్తగా పేరు పడ్డవాడు. ఆయనా బొరొదినోలో సెమ్యోనోవ్‌స్కీలోనే ఉన్నాడు. తన పాత రెజిమెంట్ జైల్లో పడిన కబురు తనే మోయాల్సొచ్చింది. కొద్ది నెలల్లో ఉద్యోగం వదిలేశాడు.

అలెగ్జాండర్ నమ్మలేదు. సిపాయిలు సొంతంగా ఇలా చేయరు, వెనక ఎవరో ఉన్నారు, రహస్య సంఘాలేమో అనుకున్నాడు. గౌరవం పోయిన మనిషి తనంతట తనే నిలబడతాడన్న ఆలోచనే ఆయనకు రాలేదు. తన చిన్ననాటి నుంచి ఎరిగిన రెజిమెంట్‌ను నవంబర్‌లో రద్దు చేశాడు. సిపాయిల్ని సామ్రాజ్యం నలుమూలలా వేరే రెజిమెంట్లకు విసిరేశారు. ముందుండి నడిపారన్న కొందరిని బెత్తాల వరుసల మధ్య నడిపించి గనులకు పంపారు. ష్వార్త్స్‌కు కోర్టు మొదట మరణశిక్ష వేసింది, చివరికి ఉద్యోగం నుంచి తీసేయడంతో సరిపెట్టారు. సెమ్యోనోవ్‌స్కీ పేరుతో వేరే రెజిమెంట్ల నుంచి మనుషుల్ని తెచ్చి కొత్త పటాలం కట్టారు.

అధికారుల్ని కూడా మామూలు సైన్యంలోకి పంపారు. సెలవు లేదు, రాజీనామా లేదు. వాళ్లలో సెర్గేయ్ మురవ్యోవ్-అపోస్తొల్, మిఖాయిల్ బెస్తూజెవ్-ర్యూమిన్ ఉన్నారు. ఇద్దరూ దక్షిణాన కీవ్ ప్రాంతంలో తేలారు. అదే ప్రాంతంలో తమ పాత సిపాయిలు వేరే యూనిఫాంలలో కనిపించేవారు. గుర్తుపట్టి పలకరించుకునేవారు. ప్రభుత్వం భయపడిన రహస్య సంఘం అక్కడ అప్పుడు గట్టిపడింది. 1825 డిసెంబర్ చివర్లో మురవ్యోవ్ నాయకత్వంలో చెర్నీగోవ్ రెజిమెంట్ లేచింది. వారం కూడా నిలవలేదు. 1826 జులై 13న ఉరితీసిన ఐదుగురు డిసెంబ్రిస్టుల్లో, అంటే ఆ డిసెంబర్‌లో చక్రవర్తి మీద తిరగబడినవాళ్లలో, ఈ ఇద్దరూ ఉన్నారు. 1820లో ఆ కల్నల్‌ను మార్చి ఉంటే చరిత్ర మారేదని నేను అనను. కానీ నిప్పు లేనిచోట నిప్పుందని భయపడి, ఉన్న బొగ్గుల్ని తామే తీసుకెళ్లి ఎండుగడ్డిలో చల్లుకున్నారు.

కాజీపేట_లోకో | మంగళవారం, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, ఇంత గొప్పగా రాశారు, దండం. కానీ ఈ రెజిమెంట్ 1905లో చేసింది కూడా చెప్పాలి. నేను రైల్వేలో డ్రైవర్‌గా రిటైరయ్యాను. ఉఖ్తోమ్‌స్కీ పేరు మా యూనియన్ క్లాసుల్లో విన్నాను.

1905 డిసెంబర్‌లో మాస్కో కార్మికులు తిరగబడ్డారు. రైళ్లన్నీ ఆగాయి, ఒక్క పీటర్స్‌బర్గ్–మాస్కో లైను తప్ప. నికొలాయెవ్ లైన్ అనేవారు దాన్ని. అది సమ్మెలోకి రాలేదు. ఆ ఒక్క లైను మీదే సెమ్యోనోవ్‌స్కీ రెజిమెంట్ మాస్కోలో దిగింది. ఒక్క పట్టాల జత తెరిచి ఉన్నందుకు ఊరు పోయింది. రైల్వేవాడిగా నాకు ఇది గుండెలో గుచ్చుకుంటుంది.

రెజిమెంట్ కమాండర్ కల్నల్ మిన్ మాస్కోలోని ప్రెస్న్యా పేటను ఫిరంగులతో కొట్టించాడు. అతని ఆజ్ఞలో ఉన్న మాట ఇది: అరెస్టులు వద్దు, దయ చూపకుండా పని చేయండి. కల్నల్ రీమన్‌ను కజాన్ లైను మీదికి పంపారు. స్టేషన్ తర్వాత స్టేషన్ దిగి, విచారణ లేకుండా కాల్చేశారు. ఉఖ్తోమ్‌స్కీ ఇంజన్ డ్రైవర్. పోరాడుతున్న కార్మికుల్ని రైలెక్కించి, మెషిన్‌గన్ల మధ్య నుంచి పూర్తి వేగంతో ఊరు దాటించాడు. స్టీమ్ ఇంజన్ మీద పనిచేసినవాళ్లకు తెలుస్తుంది అదెంత పనో. బాయిలర్‌లో ప్రెషర్ హద్దు మీద పెట్టి, ముందు పట్టా ఉందో లేదో తెలీకుండా, పక్కనుంచి గుళ్లు తగులుతుంటే రెగ్యులేటర్ వదలకూడదు. వాళ్లందర్నీ దింపాడు. తర్వాత తను ల్యూబెర్త్సీలో దొరికిపోయాడు, కాల్చి చంపారు. అక్కడి ఒక స్టేషన్‌కి ఇప్పుడు ఆయన పేరే.

వరంగల్_వేణువు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

అంటే 85 ఏళ్ల ముందు ఆయుధం లేకుండా జైలుకు నడిచిన రెజిమెంటే ఇదా? నమ్మడం కష్టంగా ఉంది.

రిటైర్డ్_హవల్దార్ | మంగళవారం, సాయంత్రం 5:30

పేరు ఒక్కటే తమ్ముడూ, మనుషులు వేరు. జెండా మారదు, దాని కింద ఎవడు నిలబడి ఏ హుకుం ఇస్తాడో దాన్ని బట్టి ఉంటుంది. లోకో అన్న చెప్పింది చదివాక నాకు తలదించుకోవాలనిపించింది. 'అరెస్టులు వద్దు' అని నోటితో చెప్పడం వేరు, కాగితం మీద రాయడం వేరు. రాసినవాడికి చెయ్యి వణకలేదంటే ఇంకేం చెప్పాలి.

పాతపేజీలు | మంగళవారం, రాత్రి 9:10

కాజీపేట గారూ, మీరు చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ణి, దాచేది కాదు అది. మిన్‌కు మేజర్ జనరల్‌గా ప్రమోషన్ వచ్చింది. 1906 ఆగస్టు 13న పీటర్‌హోఫ్ రైల్వేస్టేషన్‌లో, భార్యాకూతుళ్ల కళ్లెదుటే, జినయీద కొనొప్ల్యాన్నికొవా అనే పల్లెటూరి బడి టీచరు అతన్ని కాల్చి చంపింది. రెండు వారాలు గడిచాయో లేదో ఆమెను ఉరి తీశారు. ఎక్కడో తెలుసా? ష్లిస్సెల్‌బర్గ్ కోటలో. పొట్టి నిచ్చెనలతో సెమ్యోనోవ్‌స్కీ ఎక్కిన ఆ కోటే, తర్వాత రాజకీయ ఖైదీల జైలయింది. పుష్కిన్ చదాయెవ్‌కు రాసిన కవితలోని పంక్తులు ఆమె చివరి రోజుల్లో పలికిందని చెబుతారు. నేను ఈ రెజిమెంట్ గురించి చదివిన ప్రతిసారీ ఇక్కడికొచ్చి పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొస్తాను.

కృష్ణాతీరం | మంగళవారం, రాత్రి 9:40

చివరికి రెజిమెంట్ ఏమైంది?

పాతపేజీలు | మంగళవారం, రాత్రి 10:25

మొదటి ప్రపంచయుద్ధంలో పోలండ్ వైపు పోరాడింది. 1914లో కొత్తగా చేరిన కుర్ర అధికారి తుఖచేవ్‌స్కీ 1915 ఫిబ్రవరిలో జర్మన్లకు చిక్కాడు. ఇంగోల్‌స్టాట్ కోటలో అతనితోపాటు ఖైదీగా ఫ్రెంచి కెప్టెన్ డిగాల్, తర్వాత ఫ్రాన్స్ అధ్యక్షుడైనవాడు, ఉన్నాడు. తుఖచేవ్‌స్కీ తర్వాత ఎర్రసైన్యంలో మార్షల్ అయ్యాడు, 1937లో స్టాలిన్ కాల్పించాడు. 1917 ఫిబ్రవరి విప్లవంలో రెజిమెంట్ కూడా జనంతో కలిసింది. పాత సైన్యంతోపాటు 1918లో పేరు పోయింది. మిగిలినవాళ్లతో కట్టిన పెత్రొగ్రాద్ (పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) దళం 1919 మేలో విరా ఊరి దగ్గర బోల్షెవిక్‌లతో పోరాడుతున్న తెల్లసైన్యం వైపు తిరిగిపోయింది. 1930–31లో లెనిన్‌గ్రాద్‌లో (మళ్లీ పేరు మారిన పీటర్స్‌బర్గే) మిగిలిన పాత అధికారుల్ని పట్టుకుని చాలామందిని కాల్చేశారు. 2013లో మాస్కోలో ఒక రెజిమెంట్‌కు సెమ్యోనోవ్‌స్కీ అని మళ్లీ పేరు పెట్టారు.

రిటైర్డ్_హవల్దార్ | బుధవారం, ఉదయం 6:05

1820 వాళ్లకు ఎప్పుడైనా ఎవరైనా గౌరవం తిరిగిచ్చారా మాస్టారూ? నాకు అదొక్కటే తెలుసుకోవాలని ఉంది.

పాతపేజీలు | బుధవారం, ఉదయం 10:00

ఒక్కరి సంగతి చెప్పగలను హవల్దార్ గారూ. ఉరితీసిన సెర్గేయ్‌కి మత్వేయ్ అని అన్న ఉన్నాడు. ఆయనా పాత సెమ్యోనోవ్‌స్కీ మనిషే. 19 ఏళ్లు నిండిన వయసులో బొరొదినోలో పోరాడి సిపాయిల జార్జ్ సిలువ తెచ్చుకున్నాడు. చెర్నీగోవ్ తిరుగుబాటులో తమ్ముడి పక్కనే ఉన్నాడు. చిన్న తమ్ముడు ఇప్పొలీత్ తిరుగుబాటు ఓడిన రోజే తన తుపాకీతో తనే కాల్చుకున్నాడు. మత్వేయ్ ముప్పై ఏళ్లు సైబీరియాలో గడిపి వచ్చి, మాస్కోలో ముసలివాడయ్యాడు. 1883లో రెజిమెంట్ 200 ఏళ్ల పండగ జరిగినప్పుడు ఆయనకు 90 ఏళ్లు. అప్పుడు ఆ సిలువ తిరిగిచ్చారు. ఇంకో మూడేళ్లు బతికాడు.

రిటైర్డ్_హవల్దార్ | బుధవారం, ఉదయం 10:20

సిపాయిల సిలువే తిరిగిచ్చారన్నమాట. చాలు మాస్టారూ.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 8:30

నవల మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. గ్రిన్యోవ్ వాళ్ల నాన్న, కొడుకుని పీటర్స్‌బర్గ్ గార్డ్స్‌కి పంపనని, మామూలు సైన్యంలో చేరి సిపాయిలా కష్టపడాలని చెప్పి ఓరెన్‌బర్గ్ పంపించేస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఆయన మరీ కఠినంగా అనిపించాడు. హవల్దార్ గారూ, మీకు ఆ పుస్తకం కావాలంటే చెప్పండి, అట్టలు కొంచెం చిరిగాయి గానీ పేజీలన్నీ ఉన్నాయి. చదవడం అవగానే మీకు పోస్టులో పంపుతాను.